పిలిస్తే వెళ్ళానా, నేనే వెళ్ళానా



నేను విశాఖపట్నంలో హాస్టల్లో ఉండి జర్నలిజం చదువుకుంటున్నాను. మొన్నటి సెమిస్టరులో మా సార్ మా క్లాసుకు ఒక పని అప్పజెప్పారు. పొద్దున్న లేచిన దగ్గర నుంచి రాత్రి నిద్రపోయేదాకా ఏం చూశాం, ఏం విన్నాం, ఏం చదివాం అన్నది నోట్‌బుక్కులో రాసుకోవాలి. పేపరు, రేడియో, టీవీ, సినిమా, ఫోను, ఏదైనా సరే. ఏమిటది, ఏ వేళకు మొదలైంది, ఎంతసేపు సాగింది, ఆ సమయంలో చేతిలో ఇంకేం పని ఉంది. ఇవీ గడులు. కొన్ని వారాలు రాసి, చివర దాని మీద ఒక వ్యాసం ఇవ్వాలి. వ్యాసం ఇచ్చేశాను, మార్కులు కూడా వచ్చేశాయి. ఆ వ్యాసంలో పట్టని సంగతులు కొన్ని మిగిలిపోయాయి. ఇవాళ అవి మీతో చెప్పుకుంటాను.

ముందే ఒక మాట. ఫోను తగ్గించండి అని చెప్పడానికి నేను రాలేదు. ఆ మాట చెప్పేవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళలో ఎక్కువమంది ఆ మాటను ఫోన్లోనే చెబుతున్నారు. నేను మాట్లాడేది లెక్క గురించి. మనం ఏది ఎంతసేపు చూస్తున్నామో లెక్కపెట్టేవాళ్ళు మన చుట్టూ బోలెడుమంది. వాళ్ళ లెక్కలు వాళ్ళ అవసరానికి పుట్టినవి. మన రోజును మన కోసం మనమే రాసుకుంటే, ఆ లెక్కల్లో దొరకని సంగతులు దొరుకుతాయి.

రాయడానికి కూర్చోగానే మొదటి చిక్కు వచ్చింది. దేన్ని రాయాలి, దేన్ని వదిలెయ్యాలి? పేపరు చదివితే రాయాలి, సరే. హాస్టల్ రీడింగ్ రూములో నిలబడి హెడ్డింగులు మాత్రం చూసి వచ్చేస్తే? ఆటోలో డ్రైవరు పెట్టిన ఎఫ్.ఎం. పాట నేను కోరి విన్నది కాదు. అయినా సాయంత్రందాకా ఆ పాట నా నోట్లో ఆడుతూనే ఉంది. బస్సులో పక్కసీటు ఆయన ఇయర్‌ఫోన్స్ లేకుండా రీల్స్ చూస్తుంటే ఆ రీల్స్‌ని నేనూ చెవులతో చూసినట్టే. ఎవరికో ఫోను చేస్తే వాళ్ళ కాలర్ ట్యూను. రూమ్మేటు "ఇది చూడవే ఒక్కసారి" అని ముఖానికి అడ్డంగా పెట్టే వీడియో. బస్టాండులో వేలాడే టీవీ. మైకులో ఊరేగే ప్రచారం.

దీని మీద క్లాసులో పెద్ద వాదనే జరిగింది. "మనం ఎంచుకున్నవే రాద్దాం" అని కొందరు. "అలాగైతే సగం రోజు ఖాళీగా కనపడుతుంది" అని కొందరు. చివరికి అందరం ఒక ఒప్పందానికి వచ్చాం. కోరుకున్నా కోరుకోకపోయినా, రాత్రి నోట్‌బుక్కు తీసినప్పుడు గుర్తుకొచ్చేంతగా మనల్ని తాకినదాన్ని రాయాలి. ఈ ఒక్క నియమంతో నా పేజీలు నిండిపోయాయి. ఒక మనిషి రోజులోకి ఇన్ని గొంతులు జొరబడతాయని రాసేదాకా నాకు తెలియలేదు.

మనుషుల రోజుల్ని ఇలా గడులుగా విడగొట్టి చూడడం కొత్తేమీ కాదు. ఆ చరిత్ర చదువుతున్నప్పుడు ఒక పరిశోధన నాకు బాగా నచ్చింది. అది 1945 నాటిది. న్యూయార్క్ నగరంలో పత్రికల్ని చేరవేసే పనివాళ్ళు సమ్మె చేశారు. రెండు వారాలకు పైగా పెద్ద పత్రికలు చాలావరకు ఇళ్ళకు చేరలేదు. బెర్నార్డ్ బెరెల్సన్ అనే పరిశోధకుడు ఆ సమయం చూసుకుని అరవైమందిని తీరిగ్గా కూర్చోబెట్టి అడిగించాడు. పేపరు రాకపోతే మీకేమిటి లోటు? చాలామంది చెప్పిన మొదటి జవాబు పెద్దమనిషి తరహాలో ఉంది. లోకంలో ఏం జరుగుతోందో తెలియడం లేదు అన్నారు. సరే, మీరు తెలుసుకోవాలనుకుంటున్న వార్త ఏది అని అడిగితే ఫలానాది అని చెప్పగలిగినవాళ్ళు తక్కువ. మాటల్లోకి దించాక అసలు సంగతులు ఒక్కొక్కటే బయటపడ్డాయి. రేడియోలో ఏ కార్యక్రమం ఎప్పుడో తెలియడం లేదు. సినిమా ప్రకటనలు లేవు. ఎవరు పోయారో తెలియడం లేదు. అన్నిటికీ మించి, రోజూ పేపరు పట్టుకునే వేళకు చేతిలో పేపరు లేదు. ఏం చదువుతారన్నది తర్వాతి మాట. చదవడమే వాళ్ళ రోజులో ఒక భాగమైపోయింది. ఆ వ్యాసం 1949లో అచ్చయింది.

దాన్ని చదివాక నా నోట్‌బుక్కులో కొన్ని గడులు నాకు అర్థమయ్యాయి. రోజువారీ డేటా అయిపోయిందని మెసేజి వచ్చాక కూడా నా బొటనవేలు వెళ్ళి అదే యాప్ గుర్తు మీద వాలేది. తెరుచుకోదని తెలుసు. అయినా వెళుతుంది. న్యూయార్కు వాళ్ళకు ఆ వేళ రోజుకు ఒకటో రెండో సార్లు వచ్చేది. నాకు మెస్ దగ్గర లైన్లో నిలబడ్డప్పుడు వస్తుంది, లిఫ్టు కోసం ఆగినప్పుడు వస్తుంది, పుస్తకంలో కష్టమైన పేరా తగిలినప్పుడు మరీ వస్తుంది.

ఇక మన దేశంలో లెక్కపెట్టేవాళ్ళ సంగతి. టీవీకి బార్క్ అనే సంస్థ ఉంది. 2015 నుంచి వారం వారం లెక్కలు ఇస్తోంది. దేశంలో టీవీలున్న ఇళ్ళు సుమారు 21 కోట్లని 2020లో ఆ సంస్థే అంచనా వేసింది. అప్పట్లో వాళ్ళు మీటరు పెట్టిన ఇళ్ళు సుమారు 44,000. కార్యక్రమం శబ్దంలోనే మన చెవికి అందని ఒక గుర్తు కలిపి పంపుతారు. ఇంట్లో మీటరు దాన్ని పట్టుకుంటుంది. టీవీ ముందు కూర్చున్నవాళ్ళు తమకు కేటాయించిన మీట నొక్కాలి. నాన్నకొకటి, అమ్మకొకటి, పిల్లలకొకటి. ఏ సీరియల్‌ను ఎంతమంది చూశారో తేలితే ప్రకటనల ధర తేలుతుంది. ఆ లెక్క దాని కోసమే. చూస్తున్న ఇల్లాలు ఏడుస్తోందా, కునికిపాట్లు పడుతోందా, వంటింట్లో పొయ్యి మీద పప్పు ఉందా అన్నది మీటరుకు అక్కర్లేదు. అది దాని తప్పు కూడా కాదు. దాన్ని అడిగిన ప్రశ్న వేరు.

ప్రభుత్వం కూడా లెక్క తీస్తుంది. జాతీయ గణాంక కార్యాలయం 2019లో మొదటిసారి దేశమంతటా కాలవినియోగ సర్వే చేసింది. మళ్ళీ 2024లో చేసింది. తెల్లవారుజామున నాలుగింటి నుంచి మర్నాడు నాలుగింటిదాకా ఇరవై నాలుగు గంటల్ని అరగంట ముక్కలుగా చేసి, ఇంటికి వచ్చి అడుగుతారు. ఆ ముక్కలో ఏం చేశారు, ఒకటికి మించి పనులుంటే ముఖ్యమైనదేది అని రాసుకుంటారు. ఆరేళ్ళు నిండినవాళ్ళు వినోదం, సంస్కృతి, ప్రసార మాధ్యమాలు, ఆటలు, వీటన్నిటి మీదా కలిపి గడిపే కాలం 2019లో రోజులో 9.9 శాతం ఉంటే 2024లో 11 శాతానికి పెరిగింది. చాలా విలువైన లెక్క ఇది. అయితే ఈ సర్వేలో ఒక పని గడికి ఎక్కాలంటే కనీసం పది నిమిషాలు సాగాలి. మా తరం ఫోను వాడకం మూడు నిమిషాలు, రెండు నిమిషాలు, నలభై సెకన్లు. పది నిమిషాల జల్లెడ పడితే అందులో చాలాభాగం కిందికి రాలిపోతుంది.

మరి ఫోను తన లెక్క తానే చెబుతుంది కదా అంటారు. నిజమే. 2018లో ఆండ్రాయిడ్ ఫోన్లలో డిజిటల్ వెల్‌బీయింగ్, ఐఫోన్లలో స్క్రీన్ టైమ్ అనే ఏర్పాట్లు వచ్చాయి. ఏ యాప్ ఎంతసేపు తెరిచి ఉంది, ఎన్నిసార్లు ఫోను తీశారు, ఎన్ని నోటిఫికేషన్లు వచ్చాయి, అన్నీ చూపిస్తుంది. మా క్లాసులో ఒక రోజు అందరం ముందుగా కాగితం మీద అంచనా రాసి, తర్వాత ఫోను తెరిచి చూశాం. తక్కువ రాసినవాళ్ళు ఎంతమందో ఎక్కువ రాసినవాళ్ళు కూడా దాదాపు అంతమందే. ఇది మా ఒక్కళ్ళ సంగతే కాదు. డగ్లస్ ప్యారీ, ఆయనతో పాటు మరికొందరు పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కలిపి చూసి 2021లో ఒక వ్యాసం ప్రకటించారు. జనం నోటితో చెప్పే లెక్కకూ యంత్రంలో నమోదైన లెక్కకూ పొంతన అంతంతమాత్రమే అని తేల్చారు. అంటే, ఫలానా అన్ని గంటలు ఫోను వాడేవాళ్ళకు ఫలానా జబ్బు అని చెప్పే మాటలు చాలావరకు జనం అంచనాల మీద నిలబడ్డవే. అలాంటి మాట విన్నప్పుడు, ఆ గంటలు ఎవరు లెక్కపెట్టారు అని అడగడం మంచిది.

అందుకని యంత్రం లెక్క ఉంది, ఇక నోట్‌బుక్కు ఎందుకు అనకండి. మా ఇంటి పాలవాడు తన పుస్తకంలో తన లెక్క రాసుకుంటాడు. మా అమ్మ గోడ మీద క్యాలెండరులో తన లెక్క తాను రాసుకుంటుంది. పాలవాడి మీద అనుమానం ఉండి కాదు. పాలు విరిగిన రోజు, చుట్టాలొచ్చి ఎక్కువ పోయించుకున్న రోజు, పాలు పల్చగా వచ్చిన రోజు, ఇవి పాలవాడి పుస్తకంలో ఉండవు. లీటర్లు ఉంటాయి. నెలాఖరున మాట్లాడాలంటే అమ్మ చేతిలో అమ్మ లెక్క ఉండాలి.

ఫోను లీటర్లు చెబుతుంది. పాలెలా ఉన్నాయో చెప్పదు. నా నోట్‌బుక్కులో దీనికి మంచి ఉదాహరణ ఒకటుంది. కథకులు కాళీపట్నం రామారావు గారు, మేమంతా కారా మాస్టారు అంటాం, 1997లో శ్రీకాకుళంలో కథానిలయం స్థాపించారు. తెలుగులో అచ్చయిన కథలన్నిటినీ ఒకచోట చేర్చాలన్న పట్టుదలతో పెట్టిన గ్రంథాలయం. అక్కడి పాత కథలు చాలావరకు ఇప్పుడు ఇంటర్నెట్లో కూడా చదువుకోవచ్చు. ఒక రాత్రి పడుకుని ఫోన్లో పాత పత్రికల నాటి కథలు వరసగా చదివాను. మరో రాత్రి అదే మంచం మీద అంతేసేపు ఎవరో ఎవరినో ఆటపట్టించే వీడియోలు చూశాను. ఫోనుకు రెండు రాత్రులూ ఒక్కటే. రెండూ స్క్రీన్ టైమే. మొదటి రాత్రి చదివిన కథల్లో మనుషులు నాకు ఇప్పటికీ గుర్తున్నారు. రెండో రాత్రి చూసినవాటిలో ఒక్కటి కూడా మర్నాడు పొద్దున్న రాయడానికి గుర్తు రాలేదు. నా గడిలో "ఏవో వీడియోలు" అని ఉంది. అలా "ఏవో" అని రాయాల్సి వచ్చిన గడులే నా నోట్‌బుక్కులో అన్నిటికన్నా ఎక్కువ మాట్లాడాయి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మా సార్ ఇచ్చిన గడులు నాలుగు. రాస్తూ రాస్తూ నేను ఐదో గడి గీసుకున్నాను. దాని పేరు పిలుపు. ఈ పనికి నేనే వెళ్ళానా, ఏదో పిలిస్తే వెళ్ళానా? ఆరున్నరకు వార్తలు విందామని రేడియో పెడితే నేనే వెళ్ళినట్టు. సినిమా చూద్దామని నలుగురం కలిసి టికెట్లు తీసుకుంటే మేమే వెళ్ళినట్టు. ఫోను టింగుమంటే తీసి చూస్తే పిలిస్తే వెళ్ళినట్టు. ఇందులో ఒక మెలిక కూడా ఉంది. ఫ్రెండు నోట్సు ఫోటో పంపిందా లేదా అని వాట్సాప్ తెరిచాను. ఇది నేనే వెళ్ళినది. నోట్సు చూశాను. పక్కనే స్టేటస్‌లు కొత్తవి కనిపించాయి. అక్కడ నుంచి ఒక లింకు. లింకులోంచి ఒక వీడియో. ఆ వీడియో అయిపోగానే దానంతట అదే ఇంకొకటి. తలుపు తీసింది నేనే. లోపలి గదుల్లోకి మాత్రం ఎవరో నడిపించుకుపోయారు. ఇలాంటివాటికి నేను రెండు వరసలు రాశాను. ఒకటి నాది, ఒకటి నాది కానిది. రెండోది మొదటిదానికన్నా ఎప్పుడూ పొడుగ్గానే ఉండేది.

ఇది నా ఒక్కదాని మనసు బలహీనత అనుకుంటే లెక్క సగమే అర్థమైనట్టు. ఆ గదులు అలా కట్టారు. పేపరుకు చివరి పేజీ ఉంది. రేడియోలో పది నిమిషాల వార్తలు పది నిమిషాలకు అయిపోతాయి. టీవీ సీరియల్ ఎంత సాగినా ఇవాళ్టి భాగం ఇవాళ్టికి ముగుస్తుంది. ముగింపు అనేది లేచి వెళ్ళడానికి దొరికే సందు. ఎజా రాస్కిన్ అనే ఇంజనీరు 2006లో ఒక పద్ధతి రూపొందించాడు. పేజీ అడుగుకు వస్తుండగానే కింద ఇంకా సరుకు వచ్చి చేరుతుంది. తర్వాతి పేజీ అని మీట నొక్కే పని లేదు. జనానికి సౌకర్యంగా ఉంటుందని చేసిన పని అది. ఆ సందు మూసుకుపోయింది. తర్వాతి సంవత్సరాల్లో ఆయనే దాని గురించి బాహాటంగా విచారం వ్యక్తం చేశాడు.

మన దేశంలో దీనికి రెండు సంగతులు తోడయ్యాయి. మొదటిది ధర. ప్రభుత్వ లెక్కల ప్రకారం 2014లో ఒక జీబీ డేటాకు సుమారు 269 రూపాయలు అయ్యేది. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక ధరలు కుప్పకూలి, కొన్నేళ్ళకే జీబీ పది రూపాయల చుట్టుపక్కలకు దిగింది. డబ్బులు ఖర్చవుతాయన్న భయం ఒకప్పుడు మనల్ని ఆపే పెద్దమనిషి. ఆ పెద్దమనిషి వెళ్ళిపోయాడు. రెండోది చిన్న వీడియో. 2020 జూన్ 29న టిక్‌టాక్‌ను నిషేధించారు. జులైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ ఆ ఖాళీలోకి వచ్చేశాయి. షార్ట్స్‌ని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిందే మన దేశంలో. యాప్ పోయింది, అలవాటు పోలేదు. ఇంటర్మీడియట్లో ఉన్నవాళ్ళం ఒక యాప్‌లోంచి లేచి ఇంకో యాప్‌లో కూర్చున్నాం.

పిలుపు గడి గీశాక నా రోజు రూపమే మారి కనిపించింది. మొత్తం గంటలు చూసి అంతగా కంగారు పడాల్సింది లేదు. అందులో పాఠాలున్నాయి, పాటలున్నాయి, ఇంటికి చేసిన వీడియో కాల్స్ ఉన్నాయి. నన్ను ఆలోచింపజేసింది ఆ గంటలు ఎక్కడెక్కడ పడ్డాయన్నది. పొద్దున్న లేచాక మొదటి ముక్క ఎప్పుడూ పిలుపే. అది రాత్రి వచ్చి కూర్చున్న నోటిఫికేషన్ల వరస. అంటే నా రోజులో మొదటి ఆలోచన ఏమిటన్నది నా నిద్రలోనే ఇంకెవరో నిర్ణయించేశారు. చదువుకునే సమయంలో పిలుపులు రెండు నిమిషాలవే. కానీ ఆ రెండు నిమిషాల తర్వాత మళ్ళీ పుస్తకంలో అదే పేరా మొదటి నుంచి చదవాలి. ఆ పేరా ఖర్చు ఏ మీటరులోనూ పడదు. నేను దాన్ని కూడా గడిలో రాయడం మొదలుపెట్టాను.

సంక్రాంతి సెలవులకు ఊరు వెళ్ళినప్పుడు నోట్‌బుక్కు కూడా నాతో వచ్చింది. శ్రీకాకుళం జిల్లాలో చిన్న ఊరు మాది. మా మామ్మ నన్ను చూసి, "ఏటే అమ్మా, పండక్కొచ్చి కూడా ఏటి రాస్తన్నావు?" అంది. సంగతి చెప్పాను. "అయితే నాదీ రాయి" అంది. అలా ఇంట్లో అందరి రోజులూ కాస్త కాస్త రాశాను.

నాన్న లెక్క రాయడం తేలిక. పొద్దున్న అరుగు మీద కుర్చీలో పేపరు, రాత్రి భోజనం తర్వాత న్యూస్ ఛానెల్. రెండు వేళల్లోనూ చేతులు ఖాళీ. మామ్మకు రేడియో. పూజగదిలో దీపం పెట్టే వేళకు భక్తిపాటలు, మధ్యాహ్నం నడుం వాల్చినప్పుడు ఏదొస్తే అది. అమ్మ దగ్గరకొచ్చేసరికి నా గడులు పనికి రాకుండా పోయాయి. సీరియల్ వస్తోంది, అమ్మ ముందర చిక్కుడుకాయల పళ్ళెం ఉంది. ప్రకటనలు రాగానే లేచి పొయ్యి కట్టేసి వస్తుంది. మళ్ళీ కూర్చుని బట్టలు మడతపెడుతుంది. ఫోనును పప్పు డబ్బాకు ఆనించి పెట్టి ఏదో వింటూ అంట్లు తోముతుంది. వీటిలో టీవీ ఏది, పని ఏది? నేను అడిగితే, "ఉత్తినే కూర్చుని టీవీ చూడ్డానికి నాకెక్కడ కుదురుతాది?" అంది. అది ఫిర్యాదు లాగా కూడా అనలేదు, వేళ చెప్పినట్టు చెప్పింది.

కాలవినియోగ సర్వే అంకెలు అమ్మ మాటకు సాక్ష్యం చెబుతున్నాయి. జీతం లేని ఇంటిపనిలో, అది చేసేవాళ్ళలో సగటున, ఆడవాళ్ళు 2019లో రోజుకు 299 నిమిషాలు గడిపితే మగవాళ్ళు 97 నిమిషాలు గడిపారు. 2024లో ఆడవాళ్ళవి 289, మగవాళ్ళవి 88. ఐదేళ్ళలో ఆడవాళ్ళకు ఒక పది నిమిషాలు కలిసొచ్చాయి. మగవాళ్ళకు కూడా ఇంచుమించు అంతే కలిసొచ్చాయి. తేడా మాత్రం ఎక్కడిదక్కడే. మీడియా వాడకం గురించి ఇంట్లో తగువు వచ్చినప్పుడు, "రోజంతా ఆ సీరియళ్ళే" అనే మాట ఎవరి మీద పడుతుందో మీకు తెలుసు. నా నోట్‌బుక్కు ప్రకారం మా ఇంట్లో సీరియల్ అనేది పని మీద పరుచుకున్న పలచటి గుడ్డ. అరగంట సీరియల్ ఇద్దరు చూస్తే మీటరులో ఇద్దరిదీ అరగంటే. ఒకరికి అది విశ్రాంతి. ఇంకొకరికి అది పని చేస్తున్నంతసేపూ తోడు. గంటలు పక్కపక్కన పెట్టి మనుషుల్ని పోల్చకూడదని నాకు అక్కడ తెలిసింది. ఆ సాయంత్రం చిక్కుడుకాయల పళ్ళెం నేను తీసుకున్నాను. అమ్మ ఆ భాగం అంతా చేతులు కట్టుకుని చూసింది. గడిలో రాశాను, "అమ్మ, టీవీ, వేరే పని లేదు" అని.

రేడియోలో ఈ ప్రసంగం వింటున్న మీలో కూడా కొందరు బండి నడుపుతూ ఉంటారు, కొందరు దుకాణంలో త్రాసు పట్టుకుని ఉంటారు, కొందరు చపాతీలు ఒత్తుతూ ఉంటారు. రేడియో ఎప్పటి నుంచో చేతులకు అడ్డం రాకుండా చెవిని మాత్రం అడిగే మాధ్యమం. దానికి కళ్ళు కూడా కావాలని ఉంటే ఇన్నేళ్ళు ఇన్ని ఇళ్ళల్లో ఉండేది కాదేమో.

ఇన్ని వారాలు రాశాక నీలో ఏం మారింది అని అడుగుతారు. ఒకటి నిజం. రాయడమే మనిషిని కొంత మారుస్తుంది. రాయాల్సి వస్తుందని తెలిసినప్పుడు చెయ్యి కాస్త ఆగుతుంది. పరిశోధకులకు ఇది బాగా తెలిసిన సంగతే, అందుకే మొదటి కొద్దిరోజుల డైరీని వాళ్ళలో కొందరు అంతగా నమ్మరు. మా క్లాసులో కూడా మొదట్లో అందరి పేజీలూ మహా పవిత్రంగా ఉన్నాయి. పేపరు సంపాదకీయాలు, డాక్యుమెంటరీలు. వారం గడిచేసరికి అసలు మనుషులు బయటికి వచ్చారు. ఇచ్చే ముందురోజు రాత్రి కూర్చుని మొత్తం కల్పించి రాసినవాళ్ళు కూడా లేకపోలేదు. వాళ్ళ డైరీలే అన్నిటికన్నా చక్కగా ఉన్నాయి.

నా గంటలు పెద్దగా తగ్గలేదు. మారింది వాటి కూర్పు. రాత్రి నోటిఫికేషన్లు ఆపేశాను, అందుకని పొద్దున్న మొదటి ముక్క ఇప్పుడు నేను ఎంచుకున్నదే. ఒక్కో రోజు అది పాట, ఒక్కో రోజు పేపరు, ఒక్కో రోజు సముద్రం వైపు నడక. గ్రూపుల్లో చాలావాటిని సైలెంట్లో పెట్టాను, సాయంత్రం నేనే వెళ్ళి చూస్తున్నాను. రీల్స్ చూస్తాను. చూడాలనుకున్నప్పుడు చూస్తాను. నవ్వొస్తే నవ్వుకుంటాను. ఐదో గడిలో "నేనే వెళ్ళాను" అని రాసిన రోజున ఆ నవ్వు గురించి నాకు ఏ బాధా లేదు.

మీరు కూడా రాయాలనుకుంటే కావాల్సింది పెన్ను, నోట్‌బుక్కు. యాప్ వద్దు, అది మళ్ళీ ఇంకొకరి లెక్కలోకి వెళుతుంది. గడులు ఐదు: వేళ, ఏమిటి, ఎంతసేపు, చేతిలో ఇంకేం పని, ఎవరు పిలిచారు. ఒక మామూలు రోజు, ఒక సెలవు రోజు రాస్తే చాలు, తేడా తెలుస్తుంది. ఎప్పటిదప్పుడు రాయండి, రాత్రికి వాయిదా వేస్తే జ్ఞాపకం మనకు నచ్చినట్టు సర్దేస్తుంది. రాస్తున్నప్పుడు మంచి, చెడు అని తీర్పులు చెప్పకండి. తెలుగులో ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830 మే నెలలో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగివచ్చేదాకా దారిలో సంగతులు వరసగా రాశారు. ఏ ఊళ్ళో దిగారు, అక్కడ ఏ సరుకులు దొరుకుతాయి, దారి ఎలాంటిది, ఇలాంటి చిన్న చిన్న వివరాలే. ఇవాళ ఆనాటి దేశం ఎలా ఉండేదో తెలుసుకోవడానికి ఆ వివరాలు మంచి ఆధారం. ముందు ఉన్నది ఉన్నట్టు రాస్తే, అర్థం తర్వాత దానంతట అదే వస్తుంది.

చివరగా తల్లిదండ్రులకు ఒక మాట, ఈ వయసులో చనువు తీసుకుని చెబుతున్నాను. ఇది విని రేపు పొద్దున్నే మీ అబ్బాయికో అమ్మాయికో నోట్‌బుక్కు ఇచ్చి, రాసి చూపించు అనకండి. చూపించడానికి రాసిన డైరీ మా క్లాసులో ఆ కల్పించిన డైరీల్లాగా చాలా చక్కగా ఉంటుంది, అందులో మీ పిల్లలు ఉండరు. ముందు మీరు రాసుకోండి. ఇంట్లో అందరూ రాసుకోండి. ఎవరిది వాళ్ళ దగ్గరే ఉంచుకోండి. చూపించాలని ఎవరికైనా అనిపిస్తే చూపిస్తారు, అప్పుడు చూడండి. టీవీ వాళ్ళ దగ్గర మన లెక్క ఉంది, ఫోను కంపెనీల దగ్గర ఉంది, సర్కారు దగ్గర ఉంది. వాళ్ళతో మాట్లాడాలన్నా, ఇంట్లో ఒకరితో ఒకరం మాట్లాడుకోవాలన్నా మన చేతిలో మన లెక్క ఒకటి ఉండాలి. దాన్ని రాసేవాళ్ళూ మనమే, చదివేవాళ్ళూ మనమే, దాన్ని బట్టి ఏం చెయ్యాలో నిర్ణయించుకునేవాళ్ళూ మనమే.